పరదాల కాఫీ షాపు

గల్ఫ్‌లో నేను పనిచేసే చోట, అజైబా బీచ్ రోడ్డు మీద ఇప్పుడు వరసగా అద్దాల కేఫ్‌లు ఉన్నాయి. నేల నుంచి పైకప్పు దాకా అద్దమే. లోపల కూర్చున్నవాళ్ళు బయటికి కనపడాలి, బయట పోయేవాళ్ళు లోపలికి చూడాలి, అదీ వాటి అందం. మా మేడం కూతురు అక్కడికి పోయి కప్పును పది రకాలుగా ఫోటో తీసి, చల్లారాక సగం తాగి, సగం వదిలేసి వస్తుంది. నాకెందుకులే అనుకుంటాను గానీ ఆ అద్దాలను చూస్తే ఒళ్ళు మండుతుంది.

ఆ చోటే కొన్నేళ్ళ కిందటి దాకా పాత కాఫీ షాపులు నాలుగు ఉండేవి. బోర్డు మీద కాఫీ షాపు అని రాసుకున్నారే గానీ, వాటిలో కాఫీ తాగిన మనిషిని నేను చూడలేదు. అన్నీ చాయ్, పరోటా, ఆమ్లెట్. ఒకటి పడవలు లాగి పెట్టే చోటికి ఎదురుగా ఉండేది. పొద్దున చేపలు పట్టి వచ్చినవాళ్ళు తడి లుంగీలతోనే నిలబడి తాగిపోయేవాళ్ళు. దాని పక్కదాంట్లో పరోటా మీద చీజు పూసి, చిప్సు పొట్లం నలిపి చల్లి, చుట్టి ఇచ్చేవాళ్ళు. పరోటాలో చిప్సేమిటి, వీళ్ళకేమైనా పిచ్చా అని మొదటిసారి నవ్వాను. తర్వాత దానికోసమే ఎదురుచూసేదాన్ని. మూడోది హారన్ షాపు. కారు దిగకుండా హారన్ కొడితే లోపలి నుంచి మనిషి పరుగెత్తుకొచ్చేవాడు. మా సారు ఆ మనిషి వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాక కూడా ఇంకోసారి కొట్టేవాడు. వెనక సీట్లో పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చున్న నాకు కూడా ఒక కాగితం కప్పు తెప్పించేవాడు. ఆయనలో ఆ మంచితనం ఉంది, లేదనను.

నాలుగోది మాది. మాది అంటే ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళది. పక్క సందులోంచి దానికి వేరే తలుపు ఉండేది. లోపల ప్లైవుడ్ చెక్కలతో అడ్డాలు కట్టి నాలుగు చిన్న గదులు చేశారు. ఒక్కో గదిలో ఒక బల్ల, రెండు బెంచీలు, గోడకు గంట నొక్కే స్విచ్, ముందు పూలపూల పరదా. ఆడవాళ్ళు, సంసారులు కూర్చునే గదులు అవి. చాయ్ తెచ్చే ఆయన కేరళ మనిషి, అరవై దాటి ఉంటాయి. అందరం కాకా అనేవాళ్ళం. ఆయన పరదా దగ్గరికి వచ్చి ముందు దగ్గేవాడు. తర్వాత చెయ్యి మాత్రం లోపలికి పెట్టి కప్పులు బల్ల మీద ఉంచేవాడు. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన పరదా జరపలేదు.

ఫోన్లో మా ఊళ్ళవాళ్ళ గుంపు ఒకటి ఉంది. అందులో ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఆ షాపుల పాత ఫోటో పెడతారు. ఆ చాయ్ రుచే వేరప్పా, అలాంటి పరోటా మళ్ళీ తినలేదప్పా అని మగవాళ్ళంతా వాపోతారు. నాకు చాయ్ రుచి గుర్తు లేదు. నాకు గుర్తున్నది ఆ పరదా.

అది ఎందుకో చెప్పాలి. నేను కడప జిల్లా మనిషిని, రాయచోటి వైపు. అజైబాలో ఒకే ఇంట్లో చాలా ఏళ్ళుగా వంట చేస్తున్నాను. పరాయి ఇంట్లో అన్నీ ఉంటాయి, ఏడవడానికి చోటు ఉండదు. వంటింట్లో ఏడిస్తే మేడం చూస్తుంది. ఏమైంది, ఎవరేమన్నారు, వెళ్ళిపోవాలని చూస్తున్నావా అని గుచ్చి గుచ్చి అడుగుతుంది. బాత్రూములో ఏడిస్తే తలుపు కొడుతుంది. పడుకునేదేమో పిల్లల గదిలో. అందుకని శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యి ఇళ్ళల్లో అందరూ నిద్రపోయే వేళకు మేము ఆ గదుల్లోకి చేరేవాళ్ళం. మొదటి చాయ్ మాటలకి. ఆ తర్వాత ఏడుపు. రెండో చాయ్ మొహం మళ్ళీ మామూలు కావడానికి. పక్క గదిలో ఎవరైనా వెక్కి వెక్కి ఏడుస్తుంటే మేము మాటలు ఆపేవాళ్ళం కాదు, ఆమెకు సిగ్గవకుండా ఇంకాస్త గట్టిగా మాట్లాడేవాళ్ళం.

అక్కడే ఒకామె నాకు చెల్లెలయింది. మా ఊరికి రెండు ఊళ్ళ అవతల ఆమెది. పనిచేసే ఇల్లు దూరం, మబేలాలో. కానీ ఆమె మేడం పుట్టిల్లు అజైబాలోనే. ప్రతి శుక్రవారం ఇంటిల్లిపాదీ అక్కడికి భోజనానికి వచ్చేవాళ్ళు. పెద్దలు కునుకు తీసే వేళ ఆమె సాయంత్రానికి రొట్టెలు తెస్తానని చెప్పి గంటసేపు బయటపడేది. ఆమె ఫోను మేడం దగ్గరే ఉండేది. ఆదివారం పది నిమిషాలు ఇస్తే ఇంటికి మాట్లాడేది, అదీ మేడం పక్కన కూర్చుని ఉండగా. మిగతా రోజుల్లో ఏం కబురున్నా ఆమె తమ్ముడు నా ఫోనుకే చేసేవాడు. శుక్రవారం నేను పరదా వెనక ఆమెకు చెప్పేదాన్ని.

ఆమెకు ఒక కూతురు. ఆరేళ్ళది. మొగుడు వదిలేసి పోతే బిడ్డను వాళ్ళక్క దగ్గర వదిలి వచ్చింది. రవికలో ఒక మడిచిన కాగితం పెట్టుకుని తిరిగేది. బిడ్డ పాదం కొలత అది. ఇది మా అందరికీ ఉన్న అలవాటే. పిల్లలకు ఇక్కడి నుంచి చెప్పులో బూట్లో కొనుక్కుపోవాలి గదా, నంబర్లు మాకేం తెలుసు? కాగితం మీద కాలు పెట్టించి చుట్టూ పెన్నుతో గీసుకుని వస్తాము. అంగట్లో ఆ కాగితం తీసి బూటు అడుగున ఆనించి చూస్తాము. అంగడివాడు నవ్వినా మాకు లెక్కలేదు.

ఒక బుధవారం, రంజాన్ నెలకు ఇంకా నెలన్నర ఉంది, నేను ఉల్లిగడ్డలు కోస్తూ ఉంటే ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, బిడ్డ పొయిందక్కా" అన్నాడు.

"యాడికి పొయిందిరా?" అన్నాను. నా బుద్ధికి అంతకన్నా తోచలేదు.

జ్వరం. మూడు రోజులు మామూలు జ్వరమే అనుకున్నారు. నాలుగో రోజు తిరుపతికి తీసుకుపోయారు. అయిదో రోజు తెల్లవారేసరికి అయిపోయింది. వాడు అదంతా చెప్పి, చివర్లో అసలు మాట అన్నాడు. "ఆయమ్మకి చెప్పొద్దక్కా. ఆయమ్మ ఒప్పందం ఇంగా ఎనిమిది నెలలుండాది. ఆ ఇంటోళ్ళు ముందే పంపరు, ఆడ ఒగతే ఏమైపోతాదో ఏమో. వచ్చినాక మేమే నిదానంగా చెప్పుకుంటాం."

"సరేప్పా" అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆలోచించాల్సిన విషయమని కూడా తోచలేదు. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకు చావు కబురు చెప్పకూడదనేది మాలో ఎవరూ పెట్టని కట్టడి. చచ్చిపోయిన తండ్రికి కళ్ళద్దాలు కొనుక్కుని పోయినవాళ్ళున్నారు. తమ్ముడు పోయి ఏడాదైనా వాడికి వాచీ కొన్నవాళ్ళున్నారు. పక్క మంచంలో పడుకునేవాళ్ళకు తెలిసే ఉంటుంది. బాగుంది తీసుకో, రంగు బాగుంది అని వాళ్ళే అంగట్లో పక్కన నిలబడి ఎంపిక చేస్తారు. మేము దాన్ని మంచితనం అనుకుంటాము. నేనూ అట్లాగే అనుకున్నాను.

ఆ శుక్రవారం పరదా వెనక ఆమెకు ఊళ్ళో అందరూ బాగున్నారని చెప్పాను. ఆ తర్వాతి శుక్రవారాలు కూడా. ఆదివారం ఫోన్లో బిడ్డను పిలవమంటే నిద్రపోయిందని, అవ్వ ఊరికి పోయిందని ఇంటివాళ్ళు ఏదో ఒకటి అనేవాళ్ళు.

"బిడ్డ గొంతు విని నెలాయిందక్కా. నా మింద అలిగిందేమో" అంది ఆమె.

"అలిగేదానికి ఏముండాది, ఆటల్లో పడింటాది" అన్నాను.

అప్పుడే నాకు సెలవు వచ్చింది. రంజాన్ అయ్యాక నెల రోజులు ఊరికి పోతున్నానని చెప్పగానే ఆమె మొహం ఎంత విప్పారిందో! రవికలోంచి ఆ పాత కాగితం తీసి బల్ల మీద పరిచింది. "ఇది పాతదయిపొయ్యింది గదక్కా. కాలు పెరిగుంటాది. కొత్తది గీసుకొని రావా?" అంది.

అప్పుడు చెప్పి ఉండవచ్చు. పరదా ఉంది. కాకా రెండో చాయ్ ఇంకా తేలేదు. చేతిలో అరగంట పైనే ఉంది. "తెస్తాలే" అన్నాను. ఈ నోటితోనే అన్నాను.

ఊరికి పోయాక ఆమె ఇంటికి పోయాను. వాళ్ళక్క నన్ను చూడగానే కుప్పకూలింది. బిడ్డ గుడ్డలు, పలక, సంచి అన్నీ ఒక గోనెలో కట్టి అటక మీద పెట్టారు. కొలత సంగతి చెప్పాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. చివరికి, "ఏదో ఒగటి గీసుకొని పోమ్మా. లేకుంటే ఆయమ్మకి అనుమానమొస్తాది" అంది.

మా సొంత చెల్లెలికి ఏడేళ్ళ కూతురు ఉంది. నోటు పుస్తకంలో ఒక కాగితం చింపి గచ్చు మీద పెట్టి, ఆ పిల్ల కాలు దాని మీద పెట్టించాను. పెన్ను వేళ్ళ మధ్యకు వచ్చినప్పుడల్లా చక్కిలిగింతలకు అది పకపకా నవ్వేది, కాలు కదిలించేది. "ఎవురికి పెద్దమ్మా?" అని అడిగింది. కదలకుండా ఉండమని దాని పిక్క మీద చెళ్ళున ఒకటి వేశాను. పాపం, బిత్తరపోయింది. దాన్ని ఎందుకు కొట్టానో నాకు తెలుసు.

తిరిగి వచ్చిన మొదటి శుక్రవారం ఆ కాగితం ఆమె చేతికిచ్చాను. పాత కాగితం మీద కొత్తది పెట్టి వెలుతురుకు ఎత్తి చూసింది. "అబ్బా! ఇంత పెరిగిందా ముండ!" అని ముద్దుగా తిట్టి నవ్వింది. ఆ పాదం మీద తన అరచెయ్యి పెట్టుకుంది. కళ్ళకద్దుకుంది. ఇంకో రెండు చాయ్‌లు తెమ్మని తనే గంట నొక్కింది. ఇప్పుడు చెప్పు, ఇప్పుడు చెప్పు అని లోపల ఎవరో పొడుస్తున్నారు. కాకా దగ్గు వినపడింది, చాయ్‌లు వచ్చాయి, ఆమెకు పోయే వేళయింది. వచ్చే శుక్రవారం చెబుదామనుకున్నాను.

వచ్చే శుక్రవారం ఆమె బూట్లు కొనుక్కుని వచ్చింది. గులాబీ రంగువి. మడమ నేలకు కొడితే ఎర్రగా లైట్లు వెలుగుతాయి. చెయ్యి లోపల పెట్టి బల్ల మీద టకటకా నడిపించి చూపించింది. ఆ వెలుతురు పరదా మీద పడుతుంటే పక్క గదిలోవాళ్ళు కూడా ఏంటబ్బా అది అని నవ్వారు. నేనూ నవ్వాను. ఇంక నావల్ల కాదు, పై వారం తల తెగిపడినా సరే చెప్పేస్తానని ఆ రోజు ఒట్టు పెట్టుకున్నాను.

పై వారం షాపు లేదు. రోడ్డు వెడల్పు చేస్తున్నారని నాలుగు షాపుల చుట్టూ నీలం రేకులు కొట్టేశారు. సందు తలుపు కూడా రేకుల లోపలే ఉండిపోయింది. కాకాను ఎక్కడికి పంపారో, సొంత ఊరికి పోయాడో ఎవరూ చెప్పలేదు. ఎండలో ఆ రేకుల పక్కన గంటసేపు నిలబడ్డాను. ఆమె రాలేదు. వచ్చి ఇంకో వైపు నిలబడి పోయిందేమో కూడా తెలియదు. ఆ తర్వాత నాలుగు శుక్రవారాలు పోయాను. తర్వాత తెలిసింది, ఆమె మేడం తల్లికి పక్షవాతం వస్తే ఆవిణ్ణి మబేలాకే తీసుకుపోయారని. ఇంక ఆమె అజైబాకు వచ్చే పనే లేదు. మబేలాలో ఏ ఇల్లో నాకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు, పరదా గదే మా ఇద్దరికీ అడ్రసు.

నిజం చెబుతున్నాను, ఆ రేకులను చూసి నాకు సంతోషమే అయింది. చెప్పే పని తప్పిపోయింది గదా. ఛీ, ఏం మనిషిని నేను!

మూడు నెలలు గడిచాయి. ఒక ఆదివారం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఆమే. తమ్ముడి దగ్గర నా నంబరు తీసుకుని మేడం ఫోన్లోంచి చేసింది. "అక్కా, పై వారం పోతాండా! టికెట్ వచ్చింది. బిడ్డను మద్రాసు ఎయిర్‌పోర్టుకి పిల్చుకొని రమ్మన్యా. బయటికి వస్తానే బూట్లు తొడగల్ల. తెస్తాంలే అన్న్యాడు మా తమ్ముడు." శుక్రవారం వాళ్ళంతా అజైబా బీచ్‌కి వస్తున్నారని, చివరిసారి నన్ను చూడాలని అంది.

ఆ వారమంతా నాకు నిద్ర లేదు. మద్రాసులో తలుపు తోసుకుని బయటికి వచ్చి, బూట్లు చేతిలో పట్టుకుని, అంత జనంలో బిడ్డ కోసం వెతుక్కునే ఆమె కళ్ళకు కట్టినట్టు కనపడింది. తమ్ముడికి ఫోన్ చేసి నేను చెప్పేస్తానన్నాను. "వద్దక్కా, నీ కాళ్ళు మొక్కుతా, ఏడు రోజులే గదా" అన్నాడు. వాడిమీద కేకలేసి ఫోన్ పెట్టేశాను. కానీ చెబుతానని మాత్రం ఖాయం చేసుకున్నాను.

శుక్రవారం వాళ్ళ మేడం ఇసుకలో చాప పరిపించింది. ఊరి అక్కతో మాట్లాడి వస్తానంటే అరగంట ఇచ్చింది. కాకపోతే కంటికి ఎదురుగా కూర్చోమంది. పోయే ముందర ఏ పనిమనిషైనా పారిపోతుందేమోనని వాళ్ళకు భయం. కంటికి ఎదురుగా ఉన్నది కొత్తగా తెరిచిన అద్దాల కేఫే. ఎత్తు స్టూళ్ళ మీద కాళ్ళు నేలకు ఆనకుండా కూర్చున్నాము. లోపల పాటలు, ల్యాప్‌టాప్‌లు పెట్టుకున్న పిల్లలు. అద్దం బయట ఇరవై అడుగుల దూరంలో మేడం మా వైపే తిరిగి కూర్చుని ఉంది.

చెప్పాను. మెల్లగా చెప్పడం నాకు రాదు. ఒక్క ముక్కలో చెప్పేశాను.

ఆమె కప్పును రెండు చేతులతో దగ్గరికి లాక్కుంది. "ఎప్పుడు?" అంది.

"రంజాన్‌కి ముందర."

"అంటే నువ్వు ఊరికి పోకముందే."

"ఊఁ."

"మరి ఆ కాలు ఎవురిదక్కా?"

"మా చెల్లెలి బిడ్డది" అన్నాను. తల ఎత్తి ఆమెను చూడలేకపోయాను.

అప్పుడే మేడం చిన్న కొడుకు ఇసుకలోంచి పరుగెత్తుకొచ్చి అద్దానికి ముక్కు ఆనించి టకటకా కొట్టాడు. ఆమె వాడిని చూసి నవ్వింది. చెయ్యి ఊపింది. ఆమె మెడ నరాలు తాళ్ళలాగా ఉబ్బి ఉన్నాయి, మొహం మాత్రం నవ్వుతోంది. నాకు భయమేసింది. "ఏడ్సుకోవే తల్లీ, పర్వాలేదు, ఏడ్సుకో" అన్నాను.

"యాడక్కా?" అంది.

చుట్టూ చూశాను. మేడం చూస్తోంది. కాఫీ కలిపే అమ్మాయి చూస్తోంది. బాత్రూము ముందు ఇద్దరు నిలబడి ఉన్నారు. ఆమె చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. అట్లాగే అరగంట గడిచిపోయింది.

మేడం చాప మీద నుంచి చెయ్యి ఊపి పిలిచింది. ఆమె స్టూలు దిగి, కొంగు సర్దుకుని, నా పక్కకు వంగి మామూలు గొంతుతో చెప్పింది. "అక్కా, నాకి తెలిసిందని మావాండ్లకి చెప్పొద్దు. మా అక్క నాకి ఎట్ల చెప్పల్లో అని ఇన్ని నెల్లు కుమిలిపొయ్యుంటాది. వాండ్లు చెప్పేదాకా నేను తెలీనట్టే ఉంటా. బూట్లు చేతిలో పెట్టుకొనే దిగుతా."

"ఎట్ల ఓర్సుకుంటావే?" అన్నాను.

"నువ్వు ఓర్సుకోలేదా" అంది. ఎత్తిపొడుపుగా కాదు, నిజంగానే అంది. అదే ఇప్పటికీ నన్ను తినేస్తోంది.

బయటికి పోయి చాప మీద కూర్చుంది. చిన్నపిల్లాడిని ఒళ్ళో పెట్టుకుని వాడి జ్యూసు డబ్బాకు పుల్ల గుచ్చి ఇచ్చింది. ఎండ వాలేదాకా పిల్లల కాళ్ళకు అంటిన ఇసుక దులుపుతూనే ఉంది. నేను అద్దం వెనక నుంచి చూస్తూ ఉన్నాను.

ఆ రోజు సాయంత్రం నేను వంటింట్లో ఉండగా ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, ఏం జేసినావు? చెప్పినావా ఏంది?" అని అడిగాడు.

"లేదప్పా," అన్నాను, "చెప్పలేదు. బూట్లు చూపిచ్చింది. సంతోషంగా ఉండాది."